సాలార్‌జంగ్ నవాబు ఇల్లు అందరిదీ ఎలా అయింది?

పదో తరగతిలో ఉండగా మేము భద్రాచలం నుంచి హైదరాబాద్‌కు విహారయాత్ర వెళ్లాం. సాలార్‌జంగ్ మ్యూజియంలో పెద్ద గడియారం ముందు నేల మీద కూర్చున్నాం. బొమ్మ మనిషి బయటికొచ్చి పన్నెండు గంటలు కొడుతుంటే బిగ్గరగా లెక్కపెట్టాం. ఇవన్నీ ఎవరివని అడిగితే, ఒక నవాబుగారివని సార్ చెప్పారు. ఆ నవాబు ఎవరో, ఆయన సొత్తు మన కంటికి ఎలా అందిందో పీజీకి వచ్చాకే చదివి తెలుసుకున్నాం.

ఆయన పేరు మీర్ యూసుఫ్ అలీ ఖాన్, మూడో సాలార్‌జంగ్. 1889లో పూణేలో పుట్టారు. నెల తిరగకుండానే తండ్రి చనిపోయారు. పోటీ పరీక్షల్లో మనం చదివే సంస్కరణల సాలార్‌జంగ్ ఈయన కాదు, ఈయన తాతగారు. మ్యూజియంలోని ముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మను 1876లో రోమ్‌లో కొన్నది కూడా ఆ తాతగారే. చాలామంది ఇక్కడ పొరబడతారు, మేమూ పొరబడ్డాం.

1912లో ఏడో నిజాం ఈయనను దివాన్‌గా నియమించారు. అప్పటికి ఆయనకు 23 ఏళ్లు, అంటే ఇప్పటి మా వయసే! మాకింకా ఉద్యోగం రాలేదు. ఆయన మాత్రం 1914లో ఆ పదవి వదులుకున్నారు. పెళ్లి చేసుకోలేదు. మిగిలిన 35 ఏళ్లూ వస్తువుల సేకరణలోనే గడిపారు. కత్తులు, తివాచీలు, చేతిరాత గ్రంథాలు, చైనా పింగాణీ, యూరప్ గడియారాలు, ఏనుగు దంతపు బొమ్మలు... ఏది నచ్చితే అది కొన్నారు.

ఆ డబ్బు ఎక్కడిది? జాగీరు రైతులు కట్టిన శిస్తు. అప్పట్లో భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో ఉండేది, గోదావరి అవతలి ఒడ్డున బూర్గంపాడు వైపంతా నిజాం రాజ్యం. మాలో కొందరి తాతలు ఆ రాజ్యంలో బతికినవాళ్లే. అందుకని ఆయన అభిరుచిని మెచ్చుకుంటూనే ఈ ప్రశ్న కూడా వేసుకున్నాం.

1949 మార్చి 2న నవాబుగారు మరణించారు. అదే ఏడాది ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. ఆయనకు పిల్లలు లేరు. బంధువులు పంచుకుని ఉంటే ఒక్కో వస్తువు ఒక్కో ఇంటికి, లేదా వేలంపాటకు పోయేది. ప్రభుత్వం కమిటీ వేసి ఆస్తిని కాపాడింది. ఐర్లాండ్ కవి జేమ్స్ కజిన్స్ వస్తువులను సర్దిపెట్టారు. 1951 డిసెంబర్ 16న నవాబుగారి ఇల్లు దివాన్ దేవ్డీలోనే నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. అయినా అవి ఎవరివన్న తగాదా తేలలేదు. 1958లో హైకోర్టు ద్వారా వారసులు రాజీపడి, సేకరణను ప్రభుత్వానికి వదిలారు.

ఇక చట్టం మిగిలింది. ఒక సంస్థకు జాతీయ ప్రాముఖ్యం ఉందని పార్లమెంటు చట్టం ద్వారా ప్రకటించవచ్చని రాజ్యాంగం ఏడో షెడ్యూల్, కేంద్ర జాబితా 62వ అంశంలో ఉంది. ఆ ప్రకారమే 1961లో సాలార్‌జంగ్ మ్యూజియం చట్టం వచ్చింది. గ్రంథాలయం కూడా అందులో చేరింది. గవర్నర్ అధ్యక్షుడిగా ధర్మకర్తల మండలి ఏర్పడింది. దాంతో ఒక ఇంటి సొత్తు దేశం సొత్తయింది, అందులో శిస్తు కట్టిన రైతుల మనవళ్లకూ వాటా వచ్చింది. 1968లో మ్యూజియం మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది.

ఈసారి విహారయాత్రకు వెళ్లే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, శుక్రవారం మ్యూజియానికి సెలవు. గడియారం దగ్గరికి కాస్త ముందుగానే వెళ్లండి, లేకపోతే ముందు వరుస దొరకదు.