ఊరేగింపే అతని కాలేజీ

1949 మార్చి 1, మంగళవారం. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరం. ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాసాలు మర్నాటి నుంచే మొదలు. అందుకే ఆ రోజు ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. వేషాలు, చిత్రవిచిత్రమైన టోపీలు, బ్యాండ్లు, తినడం, తాగడం. ఈ పండగ పేరు మార్డి గ్రా. నల్లజాతి వాళ్లుండే పేటల గుండా కదులుతున్న ఒక బండి మీద సింహాసనం వేసి ఉంది. దాని మీద నలభై ఏడేళ్ల మనిషి. తలపై కిరీటం, ఎర్ర వెల్వెట్ అంగీ, గడ్డితో చేసిన లంగా. ముఖమంతా నల్ల రంగు, కళ్ల చుట్టూ నోటి చుట్టూ తెల్ల రంగు. జనానికి కొబ్బరికాయలు పంచుతూ నవ్వుతున్నాడు.

ఆయన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. ఆర్మ్‌స్ట్రాంగ్ అనగానే మీకు చంద్రుడి మీద దిగినాయన గుర్తొస్తాడేమో. ఈయన వేరు. జాజ్ సంగీతాన్ని ప్రపంచమంతా వినేలా చేసిన ట్రంపెట్ వాద్యకారుడు. ఆ ఊరేగింపుకు ఎనిమిది రోజుల ముందు, ఫిబ్రవరి 21 నాటి టైమ్ పత్రిక ముఖచిత్రంగా ఆయన బొమ్మే వచ్చింది. ఒక జాజ్ కళాకారుడికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. ప్రపంచం ఇంత గుర్తించాక సొంతూళ్లో ముఖానికి రంగు పూసుకుని బండెక్కడం ఎందుకు? అప్పట్లో చాలామంది అడిగిన ప్రశ్నే ఇది. కాస్త కోపంగానే అడిగారు. జవాబు తెలియాలంటే మీరు ఆయన చిన్నతనంలోకి వెళ్లాలి.

లూయీ 1901 ఆగస్టు 4న పుట్టాడు. ఈ తేదీ ఆయనకే తెలియదు. 1900 జులై 4 అని జీవితాంతం అనుకున్నాడు, అలాగే చెప్పుకున్నాడు. చర్చి రికార్డుల్లో అసలు తేదీ బయటపడేసరికి ఆయన పోయి చాలా ఏళ్లయింది. తండ్రి చిన్నప్పుడే వదిలేసి వెళ్లిపోయాడు. తల్లి మేయాన్ ఇళ్లలో పనిచేసేది. కొన్నేళ్లు నానమ్మ దగ్గర పెరిగాడు. ఉన్న పేట ఎలాంటిదంటే, అక్కడ కత్తులూ తుపాకులూ మామూలు. ఏడేళ్ల వయసులోనే కార్నోఫ్‌స్కీ అనే యూదు కుటుంబం దగ్గర పనికి చేరాడు. పాత సామాన్లు కొనే బండి మీద, బొగ్గు అమ్మే బండి మీద వాళ్ల అబ్బాయిలతో కలిసి తిరిగేవాడు. బండి వచ్చిందని ఇళ్లవాళ్లకు తెలియడానికి చిన్న రేకు బూర ఊదేవాడు. ఆ కుటుంబం ముందుగా ఇచ్చిన డబ్బుతోనే తాకట్టు దుకాణంలో ఐదు డాలర్ల పాత కార్నెట్ కొన్నానని చివరి రోజుల్లో రాసుకున్నాడు. కార్నెట్ అంటే చూడ్డానికి ట్రంపెట్‌లా ఉండి, కాస్త పొట్టిగా ఉండే వాయిద్యం. మన పెళ్లి బ్యాండుల్లో ఇత్తడి బూరలను చూసే ఉంటారు, ఆ జాతిదే.

మరి నేర్పిందెవరు? ఆ ఊరి వీధులే.

న్యూ ఆర్లియన్స్‌లో బ్యాండ్ లేని సందర్భం ఉండదు. పండగకు బ్యాండు, సంఘం వార్షికోత్సవానికి బ్యాండు, చివరికి చావుకూ బ్యాండే. శవంతో వెళ్లేటప్పుడు నెమ్మదిగా భక్తిపాటలు వాయిస్తారు. సమాధి చేసి తిరిగొచ్చేటప్పుడు ఉత్సాహంగా గెంతించే పాటలు. బ్యాండువాళ్లు బ్యాండు పేరు రాసిన టోపీలు పెట్టుకుంటారు. వాళ్ల వెనక గొడుగులు, జేబురుమాళ్లు తిప్పుతూ నడిచే జనాన్ని సెకండ్ లైన్ అంటారు. లూయీ ఆ సెకండ్ లైన్ పిల్లాడు. అతనికి అందరికన్నా నచ్చినవాడు కార్నెట్ వాయించే జో ఆలివర్. ఊరేగింపులో విరామం వచ్చినప్పుడల్లా ఆలివర్ వాయిద్యం మోసే పని ఇమ్మని అడిగేవాడు. అది మోస్తే బ్యాండు పక్కనే నడవొచ్చు, ఎవరూ తరిమెయ్యరు. మీలో ఎవరైనా జీతం లేని ఇంటర్న్‌షిప్ కోసం తిరిగి ఉంటే ఆ పిల్లాడి తాపత్రయం అర్థమవుతుంది.

అదే వీధిలో ఇంకో దృశ్యం కూడా అతని కళ్లలో ఉండిపోయింది. మార్డి గ్రా నాడు తెల్లవాళ్లలోని పెద్దలు తమలో ఒకరిని రెక్స్ అనే రాజుగా చేసి ఊరేగించేవారు. 1872 నుంచీ ఉన్న ఆచారం. ఆ వైభవంలో నల్లవాళ్లకు చోటు లేదు. దాంతో కూలీనాలీ చేసుకునే కొందరు నల్లజాతి యువకులు 1909లో తమ రాజును తామే తయారు చేసుకున్నారు. కొవ్వు డబ్బాతో కిరీటం, అరటిగెల కాడతో రాజదండం! అసలు రాజును వెక్కిరించడమే దాని ఉద్దేశం. అదే జులూ క్లబ్బు. పేరులో సరదా ఉంది గానీ పని మాత్రం సీరియస్. సభ్యులు చందాలు వేసుకుని, ఒకరికి జబ్బు చేస్తే ఆదుకునేవారు, పోతే అంత్యక్రియలు చేసేవారు. బీమా కంపెనీలు పట్టించుకోని మనుషులకు అదే బీమా. ఆ బండి మీద జులూ రాజుగా కూర్చోవాలన్నది లూయీ చిన్ననాటి కల. మహా సంగీతకారుడు కావాలని కాదు, అమెరికాను ఏలాలని కాదు. ఆ పేట పిల్లాడికి కనిపించిన ఎత్తైన కుర్చీ అది.

1912 డిసెంబరు 31 రాత్రి ఆ ఊరంతా కొత్త సంవత్సరం సంబరాల్లో ఉంది. లూయీ ఇంట్లో దొరికిన తుపాకీ తెచ్చి గాల్లోకి కాల్చాడు. పోలీసు పట్టుకున్నాడు. మర్నాడే నల్లజాతి బాలల సంస్కరణ గృహానికి పంపేశారు. పదకొండేళ్ల వయసు. మన లెక్కల్లో జీవితం పాడైపోయినట్టే కదా.

అక్కడ బ్యాండు నడిపే మాస్టారు పీటర్ డేవిస్. లూయీ వచ్చిన పేట పేరు వినగానే ఇతను మంచివాడు కాడని తేల్చేసి చాలా రోజులు దగ్గరికి రానివ్వలేదు. ఊరి పేరు, కాలేజీ పేరు చూసి రెజ్యూమె పక్కన పెట్టేసే వాళ్లు మీకూ తగులుతుంటారు. లూయీ ఏం చేశాడంటే, గోల చెయ్యలేదు, రిహార్సల్ జరుగుతుంటే ఓ మూల కూర్చుని విన్నాడు. కొన్నాళ్లకు మాస్టారు చేతికి టాంబరిన్ ఇచ్చారు. తర్వాత డ్రమ్ము. తర్వాత ఆల్టో హార్న్. గృహంలో నిద్ర లేపడానికీ, భోజనానికి పిలవడానికీ ఊదే బ్యూగిల్ అప్పగిస్తే దాన్ని ముందు తళతళలాడేలా తోమాడు. ఆఖరికి కార్నెట్. ఆపైన బ్యాండు లీడరు.

ఆ బ్యాండు ఒకరోజు ఊరేగింపులో లూయీ సొంత పేట గుండా వెళ్లింది. జూదగాళ్లు, వీధి ఆడవాళ్లు, కూలీలు అందరూ తమ పిల్లాణ్ని చూడ్డానికి బయటికొచ్చారు. టోపీ పట్టమన్నారు. చిల్లర పోశారు. ఒక టోపీ చాలక ఇంకా టోపీలు పట్టాల్సి వచ్చిందట. ఆ డబ్బుతో బ్యాండు మొత్తానికి కొత్త యూనిఫాంలు, కొత్త వాయిద్యాలు వచ్చాయని ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. కాస్త పెంచి చెప్పాడేమో కూడా. కథలు చెప్పడం ఆయనకు ఇష్టం. కానీ ఆ పేట మీద ఆయనకున్న రుణభావం మాత్రం అబద్ధం కాదు.

1914లో బయటికొచ్చాక పగలు బొగ్గు బండి, రాత్రి వాయిద్యం. ఆలివర్ ఇంట్లో చిన్నచిన్న పనులు చేసిపెడితే ఆయన పాఠాలు చెప్పేవాడు, తన పాత కార్నెట్ కూడా ఇచ్చాడు. 1918లో ఆలివర్ షికాగో వెళ్లిపోతే, ఆయన వాయించే బ్యాండులో ఆ ఖాళీ లూయీకి దొరికింది. ఆ తర్వాత మిసిసిపీ నది మీద తిరిగే విహార నౌకల్లో ఫేట్ మారబుల్ బ్యాండులో చేరాడు. ఈ భాగం దగ్గర మీరు కాస్త ఆగండి. అప్పటికి లూయీ విని వాయించడంలో దిట్ట. కాగితం మీది స్వరాలు గబగబా చదవడం మాత్రం రాదు. అక్కడేమో అందరూ చూసి వాయిస్తారు. పేరు రాకముందు ఎవరైనా నేర్చుకుంటారు. పేరొచ్చాక నాకు రాదు అని ఒప్పుకోవడమే కష్టం. లూయీ ఒప్పుకున్నాడు. డేవిడ్ జోన్స్ అనే తోటి వాద్యకారుడు ఖాళీ సమయాల్లో కూర్చోబెట్టి నేర్పాడు. ఆ చదువు లేకపోతే తర్వాత న్యూయార్క్‌లో పెద్ద ఆర్కెస్ట్రాలో నిలబడగలిగేవాడే కాదు.

1922 ఆగస్టులో షికాగో నుంచి ఆలివర్ టెలిగ్రాం పంపాడు, వచ్చెయ్యమని. ఉద్యోగం రెండో కార్నెట్. అంటే ముందు గురువు, వెనక శిష్యుడు. గురువు ఏం వాయించబోతున్నాడో క్షణంలో పసిగట్టి దానికి జోడీగా వాయించడం. రెండేళ్లు అదే చేశాడు. రికార్డింగులో ఆయన శబ్దం గురువును మింగేస్తోందని దూరంగా నిలబెట్టారని కూడా చెబుతారు. బ్యాండులో పియానో వాయించే లిల్ హార్డిన్‌ను 1924లో పెళ్లి చేసుకున్నాడు. రెండో కుర్చీలో ఉండిపోవద్దని పట్టుబట్టింది ఆవిడే. గురువును వదలడానికి ఆయనకు మనసొప్పలేదు, చివరికి వదిలాడు. 1925 నవంబరు నుంచి సొంత పేరుతో చేసిన హాట్ ఫైవ్ రికార్డులతో జాజ్ దిశే మారిపోయింది. అంతవరకు అందరూ కలిసి వాయించేదే జాజ్. ఒక్కడు ముందుకొచ్చి తన కథ తాను చెప్పుకునేలా చేసింది ఆర్మ్‌స్ట్రాంగే.

ఆలివర్ సంగతి అడుగుతారేమో. చిగుళ్ల జబ్బుతో వాయించలేకపోయాడు, డబ్బు పోయింది. 1937లో సవానా పట్టణంలో కూరగాయలు అమ్ముకుంటూ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు కనిపించాడు. జేబులో ఉన్నదంతా ఆయన చేతిలో పెట్టాడు శిష్యుడు. మర్నాటి ఏడాదే ఆలివర్ పోయాడు. ప్రతిభ ఉంటే చాలు అని ఎవరైనా మీకు చెబితే, ఈ పేరు గుర్తు తెచ్చుకోండి.

1931లో ఆర్మ్‌స్ట్రాంగ్ పేరుతో సొంతూరు తిరిగొచ్చాడు. వాయించింది తెల్లవాళ్లకే ప్రవేశం ఉన్న చోట. నల్లవాళ్లు బయట నది గట్టు మీద గుమిగూడి విన్నారు. రేడియోలో ఆయన్ను పరిచయం చెయ్యాల్సిన అనౌన్సరు, నల్లవాణ్ని పరిచయం చెయ్యనని మొండికేశాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ తనే మైకు దగ్గరికెళ్లి తన పేరు చెప్పుకుని కార్యక్రమం మొదలుపెట్టాడు.

ఇప్పుడు మళ్లీ 1949 బండి దగ్గరికి రండి. ఆయనకు అది టోపీల్లో చిల్లర పోసిన పేట ఇచ్చిన కిరీటం. కానీ చదువుకున్న కొత్తతరం నల్లజాతి వాళ్లకు ఆ నల్ల రంగు, గడ్డి లంగా తెల్లవాళ్లు తమను ఎగతాళి చేసే వేషంలాగే కనిపించాయి. నల్లజాతి పత్రికలు గట్టిగా విమర్శించాయి. నాకు ఇద్దరి మాటా సబబే అనిపిస్తుంది. పుట్టిన వీధిలో వెక్కిరింపుగా మొదలైన వేషం, ఆ వీధి తెలియని వాళ్లకు ఫొటోలో మరోలా అర్థమవుతుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ మాత్రం క్షమాపణ చెప్పలేదు, ఆ రోజును గర్వంగానే తలుచుకున్నాడు. తెల్లవాళ్లను నవ్వించి బతికేవాడన్న నింద ఆ తర్వాత ఆయన్ను వదల్లేదు.

ఆ నింద వేసినవాళ్లు గమనించాల్సింది ఇంకోటి ఉంది. ఆయన బ్యాండులో నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి వాయించేవారు. 1956లో లూసియానా రాష్ట్రం అలా కలిసి ప్రదర్శన ఇవ్వడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. ఆర్మ్‌స్ట్రాంగ్ తన బ్యాండులో ఎవరినీ మార్చలేదు, సొంతూళ్లో వాయించడమే మానేశాడు. 1957లో లిటిల్ రాక్ పట్టణంలో నల్లజాతి పిల్లల్ని బడిలోకి రానివ్వకుండా అడ్డుకున్నప్పుడు ప్రభుత్వం తరఫున తాను వెళ్లాల్సిన సోవియట్ పర్యటన వద్దనేశాడు, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌ను నేరుగా తప్పుపట్టాడు. ఆ మాటలు రాబట్టింది ఎవరో తెలుసా? ఒక చిన్న పట్టణపు పత్రికలో పనిచేస్తున్న ఇరవై ఒక్క ఏళ్ల కాలేజీ విద్యార్థి. నేరుగా అడిగితే కలవనివ్వరని హోటల్ గదికి భోజనం తెచ్చేవాడితో పాటు లోపలికి వెళ్లాడు. దేశమంతా ఆ వార్త మోగిపోయింది.

పౌరహక్కుల చట్టం వచ్చిన మరుసటి ఏడాది, 1965 అక్టోబరులో ఆర్మ్‌స్ట్రాంగ్ మళ్లీ న్యూ ఆర్లియన్స్‌లో వాయించాడు. అంతకు ముందు ఏడాదే ఆయన పాడిన హలో డాలీ బీటిల్స్‌ను వెనక్కి నెట్టి అమెరికాలో నంబర్ వన్ అయింది. అప్పటికి ఆయనకు అరవై రెండేళ్లు.

1971 జులై 6న న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో, తన ఇంట్లో నిద్రలోనే పోయాడు. అక్కడి అంత్యక్రియలు బ్యాండు లేకుండా ప్రశాంతంగా జరిగాయి. న్యూ ఆర్లియన్స్ మాత్రం ఊరుకోలేదు. శవం లేకపోయినా ఊరు తన పద్ధతిలోనే సాగనంపింది. టోపీలు పెట్టుకున్న బ్రాస్ బ్యాండులు ముందు నడిచాయి. వెనక వేలమంది సెకండ్ లైన్.