నాడీతంతువుల బాట

మానవుని మెదడునందు కోట్లకొలది నాడీకణములు కలవు. ఒక్కొక్క కణమునుండి సన్నని తంతువు బయలుదేరి, తాను చేరవలసిన చోటికి పెరుగుచు పోవును. కన్నులు లేని ఆ తంతువునకు దారి ఎట్లు తెలియును? ఈ ప్రశ్నతో జీవితమంతయు కుస్తీ పట్టిన మహనీయుడు స్పెయిన్ దేశీయుడగు శాంటియాగో రామోన్ ఇ కహాల్.

కహాల్ 1852వ సంవత్సరము మే 1వ తేదీన పెటిల్లా అను కుగ్రామమున జన్మించెను. తండ్రి శస్త్రవైద్యుడు. కుమారుడును వైద్యుడు కావలెనని ఆయన సంకల్పము. బాలునకు మాత్రము చిత్రలేఖనమనిన ప్రాణము. కాగితము లేనిచో గోడలమీద బొమ్మలు గీసెడివాడు. ఒకనాడు తండ్రి, చర్చి గోడలకు సున్నము వేయవచ్చిన పనివానికి ఆ బొమ్మను చూపి అభిప్రాయమడిగెను. బొమ్మ బాగులేదని వాడు తేల్చివేసెను. అంతటితో ఇంట చిత్రలేఖనము నిషిద్ధమయ్యెను. చదువున శ్రద్ధ చూపని బాలుని తండ్రి కొంతకాలము మంగలి దుకాణమునను, కొంతకాలము చెప్పులు కుట్టువాని కడను పనికి కుదిర్చెను.

1868లో తండ్రి తానే కుమారునకు శరీరనిర్మాణ శాస్త్రమును బోధింప మొదలిడి, శ్మశానమునుండి తెచ్చిన ఎముకలను ముందుంచెను. కహాల్ వాని ఆకారములను శ్రద్ధతో చిత్రించెను. తాను వలదన్న విద్యయే కుమారునకు శాస్త్రమార్గమైనదని తండ్రి గ్రహించి సంతసించెను.

కహాల్ 1873లో సరగోసా నగరమున వైద్యపట్టము పొందెను. మరుసటి యేడు సైనికవైద్యుడుగా క్యూబా ద్వీపమునకు వెళ్లి, మలేరియా పాలై, చిక్కి శల్యమై 1875లో మరలివచ్చెను. పిమ్మట కూడబెట్టిన సొమ్ముతో సూక్ష్మదర్శినిని కొని, ఇంటనే పరిశోధన మొదలిడెను.

నాడీతంతువులన్నియు ఒకదానితో నొకటి అతుకుకొని వలవలె నుండునని ఆనాటి పండితులలో పెక్కుమంది నమ్మిక. ఇటలీ దేశీయుడగు కమిల్లో గోల్జీ 1873లో వెండిలవణముతో కణములను నల్లగా కనబడజేయు పద్ధతిని కనిపెట్టెను. 1887లో కహాల్ దానిని చూచి, మెరుగుపరచి, పక్షిపిండములపై ప్రయోగించెను. మరుసటి యేడు ప్రతి నాడీకణమును వేర్వేరని ప్రకటించెను. స్పెయిన్ వెలుపల ఆ మాట విన్నవారు లేరు. ఆయన సొంత సొమ్ముతో పత్రికను అచ్చువేయించెను. 1889లో తన సూక్ష్మదర్శినితో బెర్లిన్ వెళ్లి, పండితులచే స్వయముగా చూపించెను. జర్మనీలో పేరొందిన కోలికర్ చూచి అంగీకరించెను. 1906లో కహాల్‌కును గోల్జీకిని నోబెల్ బహుమానము కలిసి వచ్చినది. గోల్జీ మాత్రము వల సిద్ధాంతమును విడువలేదు.

1890లో కహాల్ కోడిపిండముల వెన్నుపామును పరీక్షించుచు, పెరుగుచున్న తంతువు కొనయందు శంకువువంటి చిన్న ఉబ్బును కనుగొనెను. ఆయన ఎదుట నున్నవి ప్రాణము లేని పలుచని పొరలే. కాని వివిధ దినముల పిండములను వరుసగా పోల్చి, ఆ శంకువే ముందునకు సాగుచు దారి వెదకునని గ్రహించెను. 1892లో, గమ్యమందలి కణములు వెలువరించు రసాయనములే దానిని ఆకర్షించునని ఊహించెను. 1907లో అమెరికాలో హారిసన్, కప్పపిండపు నాడీతంతువు సజీవముగా పెరుగుచుండగా కన్నులార చూచెను.

తెగిన నాడులు తిరిగి పెరుగునా అను విషయమున కహాల్ యేండ్ల తరబడి శ్రమించెను. చేతులలోను కాళ్లలోను తెగిన నాడులు పెరుగగలవు. పెద్దవారి మెదడునందును వెన్నుపామునందును తెగిన తంతువు కొంత మొలకెత్తి ఆగిపోవును. ఈ సంగతులను 1913, 1914 సంవత్సరములలో గ్రంథముగా వెలువరించి, ఆ నియమమును మార్చు భారమును భావి శాస్త్రమునకు విడిచెను. 1934 అక్టోబరు 17న మాడ్రిడ్ నగరమున పరమపదించెను.

ఆయన ఊహ వృథా కాలేదు. తంతువులను ఆకర్షించు ద్రవ్యమును 1994లో అమెరికా శాస్త్రవేత్తలు కోడిపిండముల మెదడునుండియే వేరుచేసిరి. 2004లో కెనడా దేశమందలి టొరాంటో విశ్వవిద్యాలయమున, సముద్రపు నాచునుండి లభించు పదార్థముతో వెలుగునకు స్పందించు మెత్తని జిగురును చేసిరి. లేజరు కిరణము సోకినచోట దాని రసాయన స్వభావము మారును. కణములు అంటి నిలుచుటకు అనువైన అణువులను ఆ చోటనే అతికింపవచ్చును. కిరణము గీచిన గీత వెంటనే నాడీతంతువులు పెరిగినవి. ఇది ప్రయోగశాలలోని విజయమే. తెగిన వెన్నుపామును అతుకు చికిత్స ఇంకను సిద్ధింపలేదు. అయినను తంతువునకు బాట గీయవచ్చునని తేలినది.

సున్నము వేయువాడు బాగులేదన్న బొమ్మలు గీచిన చేయి, పిదప గీచిన నాడీకణముల చిత్రములను శాస్త్రజ్ఞులు నేటికిని ఆదరముతో చూచుచున్నారు. ఇష్టమైన విద్యను ఓర్పుతో సత్కార్యమునకు వినియోగించినవారికి అపజయము శాశ్వతము కాదు.