చార్లెస్ ఫిలిప్ బ్రౌన్

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (నవంబరు 10, 1798 - డిసెంబరు 12, 1884) తెలుగు గ్రంథాలను నశించిపోకుండా కాపాడిన ఆంగ్లేయుడు. కలకత్తాలో జన్మించాడు. 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చాడు. వేమన పద్యాలను సేకరించి 1829లో ప్రచురించాడు. వేమన సమాధి అనంతపురం సీమలోని కటారుపల్లిలో ఉన్నదని ప్రతీతి.

ఆనాటి వ్రాతప్రతులు తప్పులతడకలు. అందువలన ఒకే కావ్యానికి పలుచోట్ల నుండి ప్రతులు తెప్పించి, కడపలోని తన బంగళాలో జూలూరి అప్పయ్య మొదలగు పండితులచేత సరిపోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించాడు. పండితుల జీతాలకు తన సొమ్ము చాలక అప్పులు చేశాడు. ఆ పండితులలో పలువురి పేర్లు నేటి పాఠకులకు తెలియకపోవడం విచారకరం. ఈ గ్రంథసంపదను బ్రౌన్ 1845లో మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చివేశాడు.

శిథిలమైన ఆ బంగళా స్థలంలోనే, రాయదుర్గంలో జన్మించిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి చందాలు ప్రోగుచేసి బ్రౌన్ పేర గ్రంథాలయం కట్టించాడు. ప్రజలు తమ ఇళ్ళలోని పుస్తకాలను, తాళపత్రాలను దానికి అందజేశారు.