దుర్గ జన్మకు కారకుడు – డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ

జీవించి ఉన్నంతకాలం నిందను, మరణానంతరం కీర్తిని పొందిన శాస్త్రజ్ఞులు లోకంలో పెక్కుమంది కలరు. మన దేశంలో అట్టివారిని స్మరించేటప్పుడు డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ పేరు మొదట మా మనస్సుకు వస్తుంది. మన నౌపడ మీదుగా హౌరాకు సాగే రైలుమార్గం చేరుకొనే కలకత్తా మహానగరమే ఆయన కార్యరంగం. ఆ మహనీయుని జీవితాన్ని విద్యార్థి లోకానికి పరిచయం చేయడమే మా ఉద్దేశం.

ఆయన 1931 జనవరి 16న హజారీబాగ్‌లో జన్మించారు. ప్రెసిడెన్సీ కళాశాలలో శరీరధర్మశాస్త్రం అభ్యసించి, 1955లో కలకత్తా నేషనల్ మెడికల్ కాలేజీ నుంచి వైద్యపట్టా పొందారు. 1958లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి, 1967లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నుంచి రెండు డాక్టరేట్లు సాధించారు. విదేశంలో స్థిరపడక స్వదేశానికి మరలివచ్చి, ప్రభుత్వ వైద్య కళాశాలలలో బోధన సాగించారు.

ఆయన పరిశోధన సంతానలేమిని గూర్చినది. హిందువులని, ముస్లిములని భేదం లేక మన ఇళ్ళలో సంతానం లేని కోడలిని గొడ్రాలని నిందించడం మనమెరిగినదే. లోపం ఎవరిదో, ఎక్కడ ఉన్నదో విచారించే వారు అరుదు. ఆ విచారణనే ఆయన శాస్త్రంగా చేపట్టారు.

స్త్రీ అండాశయంలో అండాలు వేలకొలది ఉన్నా, సాధారణంగా నెలకు ఒక్కటే పక్వమవుతుంది. పక్వం కాని అండం ఫలదీకరణకు పనికిరాదు. మన నౌపడ ఉప్పుమడులలో నీరు ఎండవలసినంత ఎండక ముందే ఎత్తితే ఉప్పునీరే చేతికి వస్తుంది గాని ఉప్పు రాదు కదా! అండం విషయమూ అట్టిదే. ఇంగ్లండులో రాబర్ట్ ఎడ్వర్డ్స్ అపక్వమైన మానవ అండాలను గాజుపాత్రలో సుమారు ఒకటిన్నర రోజు ఉంచి పక్వం చేయవచ్చునని 1965లో ప్రకటించారు. కాని వాటినుంచి పిండాలు సరిగా ఎదగకపోవడంతో, శరీరంలోనే పక్వమైన అండం వైపు ఆయన మళ్ళారు. ఆ కృషి ఫలితంగా 1978 జులై 25న ప్రపంచంలో తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు జన్మించింది. అది ప్రకృతి ఆ నెలలో ఇచ్చిన ఒకే ఒక అండం నుంచి కలిగిన ఫలం.

ముఖోపాధ్యాయ మార్గం వేరు. ఆయన హార్మోనులిచ్చి ఒకే నెలలో పలు అండాలను అండాశయంలోనే పక్వం చేయించారు. వాటిని వెలికితీసి గాజుపాత్రలో ఫలదీకరింపజేశారు. హార్మోనుల ప్రభావమున్న నెలలో గర్భాశయం పిండాన్ని నిలుపుకొనడం కష్టమని గ్రహించి, పిండాన్ని అతిశీతల స్థితిలో 53 రోజులు భద్రపరచి, తరువాతి అనువైన సమయంలో గర్భంలో ప్రవేశపెట్టారు. సునీత్ ముఖర్జీ, సరోజ్‌కాంతి భట్టాచార్య ఆయనకు సహచరులు. 1978 అక్టోబరు 3న, ఇంగ్లండు శిశువు పుట్టిన 70 దినాలకే, కలకత్తాలో ఒక బాలిక జన్మించింది. ఆమెను దుర్గ అన్నారు. ఘనీభవింపజేసిన పిండం నుంచి ఆస్ట్రేలియాలో శిశువు జన్మించినది 1984లో మాత్రమే!

ఇంతటి విజయానికి లభించిన బహుమానమేమిటి? రాష్ట్ర ప్రభుత్వం ఆ ఏడాది నవంబరులో ఒక విచారణ సంఘాన్ని నియమించింది. దాని అధ్యక్షులు రేడియో భౌతికశాస్త్ర ఆచార్యులు. ఆ సంఘం ఆయన మాటను అసత్యమని తేల్చింది. 1979లో జపాను నుంచి ఆహ్వానం వచ్చినా వెళ్ళడానికి అనుమతి దొరకలేదు. గుండెజబ్బుతో బాధపడుతున్న ఆ మనిషిని 1981 జూన్‌లో నేత్రవైద్య సంస్థకు బదిలీ చేశారు. జీవితమంతా ధారపోసిన శాస్త్రానికీ, ఆ ఉద్యోగానికీ పొంతన లేదు. ఆ నెల 19న, ఏబదేండ్ల వయస్సులో, ఆయన ఆత్మహత్య చేసుకొన్నారు. వ్రాయడానికే మా చేయి వణుకుతున్నది.

1986 ఆగస్టు 6న బొంబాయిలో జన్మించిన హర్ష దేశంలో తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువుగా ప్రసిద్ధికెక్కింది. ఆ విజయానికి కారకులలో ఒకరైన డాక్టర్ టి.సి. ఆనందకుమార్ 1997లో కలకత్తా వెళ్ళి ముఖోపాధ్యాయ చేతివ్రాత పత్రాలను పరిశీలించారు. ప్రథమ స్థానం తనది కాదని, ఆయనదేనని లోకానికి వెల్లడించారు. తన మెడలోని హారాన్ని తానే తీసి మరొకరికి వేయగల ఔదార్యం ఎందరికుంటుంది? అటుపిమ్మట భారత వైద్య పరిశోధనా మండలి కూడా ముఖోపాధ్యాయ కృషిని గుర్తించింది.

అపక్వ అండాన్ని గాజుపాత్రలోనే పక్వం చేసే ప్రయత్నమూ వృథా కాలేదు. 1991లో దక్షిణ కొరియా వైద్యులు ఆ పద్ధతిలో శిశుజననాన్ని ప్రకటించారు. అధిక హార్మోనుల వలన ప్రమాదం కలిగే స్త్రీలకు అది నేడు ఉపకరిస్తున్నది.

విద్యార్థులారా! ఆ మహనీయుని గౌరవాన్ని చివరకు నిలబెట్టినవి ఆయన వ్రాసి ఉంచిన కాగితాలే. ప్రయోగశాలలో మీరు చూచినదానిని చూచినట్లు, ఏ రోజుది ఆ రోజే వ్రాయండి. ఇక తీర్పు చెప్పే స్థానంలో ఉన్న పెద్దలకు, మా వంటి అధ్యాపకులకు సైతం, ఈ జీవితం ఒక హెచ్చరిక. తెలియని విషయంపై తీర్పు చెప్పవలసి వచ్చినప్పుడు తెలిసినవారిని అడగడం చిన్నతనం కాదు. ఆ ఒక్క పని 1978లో జరిగి ఉంటే, ఆయన మరికొంత కాలం మన మధ్య ఉండేవారేమో!