చేతికి బదులు కర్రను కొట్టించిన గురువు

మనకు కర్రసాము ఉన్నట్టే ఫిలిప్పీన్స్ దేశస్థులకు ఆర్నిస్ అనే కర్రవిద్య ఉంది. కొట్టడం, కాచుకోవడంతో అది అయిపోదు. దగ్గరకు చొరబడి ఎదుటివాడి కర్ర ఊడలాగడం, మన కర్రతోనే అతని మణికట్టునో మోచేతినో బిగించి పడగొట్టడం కూడా నేర్వాలి. ఈ విద్యను దేశదేశాలకు చేర్చిన రెమీ ప్రెసాస్ గురించి మేము తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ఆయన 1936లో నీగ్రోస్ దీవిలోని హినిగరన్‌లో జన్మించారు. తొలి గురువు తాతగారు. 14 ఏళ్ళకే ఇల్లు విడిచి వెళ్ళి, సెబులో పేరున్న గురువుల వద్ద సాధన చేశారు.

ఆ రోజుల్లో సాధనలోనే కర్ర పట్టిన చేతిని కొట్టేవారు. దెబ్బలకు తాళలేక చాలామంది మధ్యలోనే మానేసేవారు. యువకులు జూడో, కరాటేల వైపు మళ్ళారు. ప్రెసాస్ సాధనలో చేతికి బదులు కర్రను కొట్టించారు. జూడో, కరాటేల్లోని మెళకువలు కలిపి, మోడర్న్ ఆర్నిస్ అని పేరుపెట్టారు. 1970లలో అమెరికా వెళ్ళి, తర్వాత జుజుత్సు గురువు వాలీ జేతో కలిసి శిక్షణ శిబిరాలు నడిపారు. ఆ స్నేహంతో ఆయన కర్ర పట్లకు మరింత పదును వచ్చింది. 2001లో కెనడాలో కన్నుమూశారు. 2009లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం చట్టం చేసి ఆర్నిస్‌ను జాతీయ క్రీడగా ప్రకటించింది.

హాస్టల్లో తమ్ముళ్ళకు లెక్కలు చెప్పినా, కబడ్డీ నేర్పినా సీనియర్లమైన మేము ఈ గురువును తలచుకోవాలి. మొదటిరోజే దెబ్బ తిన్నవాడు రెండోరోజు రాడు.