కీ. శే. యల్లాప్రగడ సుబ్బారావుగారి ప్రవాసజీవితము

మన ముంచింగిపుట్టు మన్యమున గర్భిణీస్త్రీలకు ఆరోగ్యకేంద్రములం దొసగు ఇనుపధాతువు మాత్రలలో ఫోలిక్ ఆమ్లము చేరియుండును. కొండవాసులలో కానవచ్చు సికిల్ సెల్ రక్తవ్యాధికిని వైద్యులు దానిని వాడుదురు. 1945లో అయ్యామ్లమును ప్రయోగశాలయందు నిర్మించిన పరిశోధకబృందమునకు నాయకుడు మన యాంధ్రుడే యని యెఱిగినవారు కొలదిమంది. కావున వారి చరిత్రమును మాన్యులగు సభ్యులకు విన్నవించుచున్నాను.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జనించిరి. బాల్యముననే తండ్రిని గోల్పోయిరి. మెట్రిక్యులేషనులో రెండుమార్లు తప్పి మూడవమారు కృతార్థులైరి. పరీక్ష తప్పిన బాలురను నిందించు తల్లిదండ్రులు దీనిని గమనింతురుగాక. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లాచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం. బి. బి. ఎస్. పట్టమునకు మారుగ తక్కువదగు ఎల్. ఎం. ఎస్. పట్టముతో బయటపడిరి. స్ప్రూ అను గ్రహణీరోగమున సోదరు లిద్దఱు స్వల్పవ్యవధిలో గతించిరి. ఆ శోకమే వారిని పరిశోధనమునకు పురికొల్పెను.

కలివర్జ్యములలో సముద్రయానమును జేర్చిన గ్రంథములను నేనును పఠించితిని. అవి యెవ్వరి యాకలిని గాని యెవ్వరి రోగమును గాని తీర్చినట్లు కానరాదు. మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకరుగారి ధర్మసంస్థయు ధనసాహాయ్య మొనర్చిరి. నాయకరుగారు రంగూనునకు బోయి ధనమార్జించినవారే. దేశాంతరమున గడించినది దేశాంతరమునకు బోవువానికి దారిబత్తెమగుట యెంతయు సముచితము.

1922 అక్టోబరున బోస్టను చేరి హార్వర్డులో ఉష్ణమండల వైద్యము నభ్యసించిరి. అచట వైద్యవృత్తి చేయుట కనుమతి లేకుండెను. అందుచే ఈ వైద్యపట్టభద్రుడు పగలు విద్యార్థియై, రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగు సేవకుడై పొట్ట పోసికొనెను. ప్రవాసమన్నచో పెద్దజీతమును, మేడలును మాత్రమే తలచు మన యువకులు ఈ రాత్రులను తలపోయవలయును.

1925లో ఫిస్కెతో గలసి శరీరద్రవములలో భాస్వరమును కొలుచు పద్ధతిని వెలువరించిరి. కండరములకు శక్తి నిచ్చు ఏ. టీ. పీ. యను పదార్థము 1929లో వారి పరిశోధనమున బయల్పడెను. 1930లో డాక్టరు పట్టము వచ్చినను హార్వర్డులో స్థిరపదవి రాలేదు. 1940లో లెడర్లీ ఔషధసంస్థలో చేరిరి. అచట వారి నాయకత్వమున బోదకాలు వ్యాధిపై పనిచేయు హెట్రజానును, ఆరియోమైసినును వెలువడెను. వారు పంపిన అమినోప్టెరినును సిడ్నీ ఫార్బరు బోస్టనులోనే రక్తపు కాన్సరుగల బిడ్డలకు 1947 చివర ప్రయోగింపగా కొందఱికి తాత్కాలికోపశమనము గలిగెను. సోదరులను గొనిపోయిన స్ప్రూ వ్యాధికిని ఫోలిక్ ఆమ్లము ఔషధమయ్యెను.

భారతీయులు పౌరత్వమున కర్హులు కారని అమెరికా న్యాయస్థానము 1923లో తీర్మానించెను. 1946లో శాసనము మారినను సుబ్బారావుగారు ఆ దేశపు పౌరులు కాలేదు, స్వదేశమునకును మరలలేదు. 1948 ఆగస్టున ఏబదిమూడవయేట నిద్రలోనే హృద్రోగముచే పరమపదించిరి.

మూడేండ్లలో తిరిగివత్తునని మాట యిచ్చి, గర్భవతిగానున్న భార్య శేషగిరిగారిని విడిచి వారు పయనమైరి. పుట్టిన కుమారుడు శైశవముననే మరణించెను. ఆ బిడ్డను తండ్రి చూడలేదు. ఆమెయు భర్తను మరల చూడలేదు.