లూథరు చెవిలోని హోరు

మార్టిన్ లూథరు పేరు వినగానే 1517 అక్టోబరు 31వ తేదీయు, 95 సిద్ధాంతములును, 1521లో వోర్మ్స్ సభయందు చక్రవర్తి యెదుట ఆయన చూపిన ధైర్యమును మనకు జ్ఞాపకము వచ్చును. అయితే ఆ ధీరుడు తన చివరి పందొమ్మిది సంవత్సరములలో, ప్రక్కన నున్నవారికి సయితము వినబడని యొక హోరుతో మరల మరల పోరాడెనని ఎరిగినవారు కొద్దిమందియే.

లూథరు 1483 నవంబరు 10న జర్మనీలోని ఐస్లేబెన్ పట్టణములో జన్మించెను. 1505లో ఎర్ఫర్ట్ నగరమందలి అగస్టీను మఠములో చేరెను. 1512లో వేదాంత డాక్టరు పట్టము పొంది విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయములో లేఖనములు బోధించెను. మనుష్యుడు క్రియలవలన గాక విశ్వాసమువలననే నీతిమంతుడుగా తీర్చబడునన్న సత్యము ఆయనకు అచ్చటనే వెలుగాయెను. 1525లో కాతరీన వాన్ బోరాను వివాహమాడెను.

1527 జూలై 6వ తేదీ ఉదయమున ఆయన మనస్సు ఘోరమైన వేదనలో పడెను. తన కాపరియైన బుగెన్‌హాగెన్‌ను పిలిపించి పాపములు ఒప్పుకొని, ఆయన నోట క్షమాపణ వాక్యమును వినెను. ఆ సాయంకాలము స్నేహితుడైన యుస్తుస్ యోనాస్ తన యింటికి వచ్చియుండగా, ఎడమ చెవిలో గొప్ప హోరు పుట్టెను; తల తిరిగెను; దేహము చల్లబడెను. మిత్రులు ఆయనమీద చన్నీళ్లు చల్లిరి. మరణము వచ్చినదని తలంచి, గర్భవతియైన భార్యను, ఏడాది నిండిన కుమారుని దేవునికి అప్పగించెను. ఆయన బ్రదికెను, గాని ఆ హోరు ఆయనను పూర్తిగా విడిచిపోలేదు.

కొద్ది వారములకే విట్టెన్‌బర్గ్‌లో తెగులు ప్రబలెను. అనేకులు ఊరు విడిచిపోయిరి. లూథరు కదలలేదు, తన యింటనే రోగులకు చోటిచ్చెను. ఆ డిసెంబరులో పుట్టిన కుమార్తె ఎలిజబెత్ ఎనిమిది నెలలైనను నిండకముందే, 1528 ఆగస్టులో చనిపోయెను.

1530వ సంవత్సరమున ఆగ్స్‌బర్గ్‌లో సామ్రాజ్య సభ కూడెను. చక్రవర్తి శాసనముచేత బహిష్కృతుడైన లూథరు అక్కడికి పోజాలక, ఏప్రిల్ మొదలు అక్టోబరు వరకు కోబర్గ్ కోటలో నివసించెను. జూన్ 25న సహోదరులు తమ విశ్వాస ప్రమాణమును సభలో చదివినప్పుడు ఆయన అక్కడ లేడు. మేనెలలో తండ్రి మరణించెను. ఆ వార్త ఆయనకు కోటలోనే చేరెను. తలలో హోరు ఉరుమువలె పెరుగగా ఆయన పుస్తకము మూసివేయవలసి వచ్చెను. కొన్ని దినములు ఒక అక్షరమునైనను చూడలేకపోయెను. తన దురవస్థను దాచక మెలాంక్‌తన్‌కు వ్రాసెను.

ఆశ్చర్యమేమనగా, ఆ నెలలలోనే యిర్మీయా అనువాదము ముగిసెను. 118వ కీర్తన వ్యాఖ్యానము వెలువడెను. నాలుగేండ్ల కుమారునికొక ముద్దులొలుకు ఉత్తరము వెళ్లెను. అనువాదమును గూర్చిన ప్రసిద్ధ లేఖయు పుట్టెను. ఇంటిలోని తల్లి, వీధిలోని పిల్లలు, బజారులోని సామాన్యుడు ఎట్లు మాటలాడుదురో విని, ఆ రీతిగా అనువదింపవలెనని ఆ లేఖ బోధించుచున్నది. చెవిలో హోరు గలవాడే ఇతరుల మాటకు అంత శ్రద్ధగా చెవియొగ్గెను! హోరు తగ్గువరకు కలము పెట్టివేసి, తగ్గినప్పుడు మరల చేపట్టెను. 1534లో సంపూర్ణ జర్మను బైబిలు ముద్రితమాయెను.

ఆ హోరు సాతాను గ్రుద్దులని లూథరు తలంచెను. పౌలు శరీరములోని ముల్లును తలపోసికొనెను. 1861లో ప్రోస్పెర్ మెనియేర్ అను ఫ్రెంచి వైద్యుడు, తల తిరుగుట, చెవిలో హోరు, వినికిడి తగ్గుట అను లక్షణములు లోపలి చెవినుండి పుట్టవచ్చునని తెలిపెను. లూథరుది ఆ వ్యాధియేయని తలంచిన వైద్యులు అనేకులు కలరు. కనుక మన సంఘములో ఎవరైనను ఇట్టి హోరును గూర్చి చెప్పినయెడల, అది భ్రమయనియు, విశ్వాసలోపమనియు, దయ్యపు పీడయనియు తీర్పు తీర్చక, వైద్యునియొద్దకు తోడుగా వెళ్లుట మన ధర్మము. ప్రార్థనకును వైద్యమునకును విరోధము లేదు.

లూథరు నమ్మిన సువార్తకును ఆయన చెవికిని ఒక సంబంధము కలదు. దేవుని వాక్యము మన లోపలి అనుభూతులలోనుండి పుట్టదనియు, వెలుపలనుండి, ఒక సహోదరుని నోటిద్వారా మనయొద్దకు వచ్చుననియు ఆయన ఎడతెగక బోధించెను. లోపల హోరు మాత్రమే వినబడు దినమున ఈ బోధ ఎంత ఆదరణ! నా అంతరంగము నిశ్శబ్దమైన తరువాతనే దేవుడు మాటలాడుననిన, అనేకులు ఆయన స్వరమును ఎన్నడును వినజాలరు. వాక్యము నిజమగుటకు మన తల నెమ్మదిగా నుండనక్కరలేదు.

1546 ఫిబ్రవరి 18న, తాను పుట్టిన ఐస్లేబెన్‌లోనే లూథరు ప్రభువునందు నిద్రించెను. ఆయన చెవిని బాధించిన హోరు ఆయనతోనే సమసిపోయెను. ఆయన అనువదించిన వాక్యము నేటికిని చదువబడుచున్నది. చదువరీ, నీకు మాత్రమే వినబడు బాధ ఏదైనను ఉన్నయెడల దానిని ఒంటరిగా మోయకుము. ఒక సహోదరుని పిలువుము. ఆయన నోట వాక్యమును వినుము. హోరు తగ్గిన ఘడియలో నీకప్పగింపబడిన పనిని మరల చేపట్టుము.